ఇసుక రుచి చూసిన మేస్త్రి గారు

మేస్త్రి గారు పోయారని ఫోనొచ్చినప్పుడు నా చేతిలో బందరు లడ్డూల పెట్టె ఉంది. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి అప్పటికి పంతొమ్మిది రోజులు. పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన బిడ్డ! పెడనలో మా వీధి వీధంతా తిరిగి, తలుపులు తట్టి మరీ పంచుతున్నాను. నాలుగో ఇంటి గుమ్మంలో ఉండగా ఫోను మోగింది. అవతల మేస్త్రి గారి భార్య.

"అన్నయ్య గారూ, మీ బావగారు పొద్దున టీ తాగి అరుగు మీద అలా ఒరిగారు. మళ్ళీ లేవలేదు" అంది.

ఎదురుగా ఉన్నావిడ లడ్డూ అందుకుంటూ "తాతగారి మొహం చూడండి, ఎలా వెలిగిపోతోందో" అంటోంది. నవ్వు నా మొహం మీద ఇంకా అలాగే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది నాకు.

నేను రాసే మనిషిని కాదండి. ఎనిమిదో తరగతితో బడి మానేసి అద్దకం బల్ల దగ్గర నిలబడ్డాను. యాభై ఏళ్ళు గుడ్డ మీద పూలూ లతలూ అద్దాను గానీ కాగితం మీద అక్షరం పెట్టింది తక్కువ. అయినా ఇవాళ రాయాలి. మా ఇంట్లో తల్లీ పిల్లా చల్లగా ఉన్నారంటే దేవుడి తర్వాత ఆ దివిసీమ మేస్త్రి గారే కారణం. ఈ మాట బందరు సెంటర్లో నిలబడి అరిచి చెప్పినా నాకు తనివి తీరదు. కాకపోతే ఆయన మంచి చెప్పాలంటే నా తప్పు చెప్పకుండా కుదరదు. అందుకని అదే ముందు చెబుతాను.

మా ఇంటి స్నానాల గది ముప్ఫై ఏళ్ళ కిందట నేనే దగ్గరుండి కట్టించాను. వానలు పడేలోపు తలుపున్న గది కావాలంది మా ఆవిడ. గోడలు లేచాయి. తీరా శ్లాబు పొయ్యాల్సిన వారం కృష్ణ ఇసుక లారీ రాలేదు. బండివాడొకడు సముద్రం వైపు ఇసుక ఉందన్నాడు. "ఉప్పిసుక కదయ్యా" అంటే "కడుక్కోండి" అన్నాడు.

అక్కడే నా తెలివి పనిచేసింది. మేం అద్దకం వాళ్ళం. గంజైనా, కరక్కాయ రసమైనా, ఎక్కువైన రంగైనా, కాలవలో జాడిస్తే పోనిది లేదని మా నమ్మకం. గుడ్డకి పోయేది ఇసుకకి పోదా అనుకున్నాను. తట్టలకి తట్టలు కాలవలో దింపి రెండు రోజులు జాడించాను. అది వేసవి. పైన కాలవలు కట్టేసి ఉన్నాయి. మంచినీళ్ళు దిగడం మానేసి, సముద్రపు పోటుకి ఉప్పునీళ్ళే ఎగదన్ని నిలబడ్డాయి. దాహమేసి ఓ దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఉమ్మేసి, మళ్ళీ తట్ట దింపి జాడించాను.

శ్లాబు పోసిన మేస్త్రి అడిగితే తోట్లవల్లూరు రేవు ఇసుకే అన్నాను. మా ఆవిడకీ అదే చెప్పాను. ఏడెనిమిదేళ్ళు గడిచాక శ్లాబు అడుగున తెల్లగా నూగులాంటిది పుట్టింది. తర్వాత నెమ్ము. ఆ తర్వాత తుప్పు రంగు చారలు. ఏటా ఇంట్లో ఎవరూ లేనప్పుడు నిచ్చెన వేసుకుని నేనే గీకి సున్నం కొట్టేవాణ్ణి. పెచ్చు ఊడి బకెట్లో పడిందని మా ఆవిడ అంటే "పాతబడిందిలే" అనేవాణ్ణి. ఆ శ్లాబు పైన నీళ్ళ ట్యాంకు. దాని కింద మా అమ్మాయి పాటలు పాడుకుంటూ గంటల తరబడి స్నానం చేసేది. నేను వసారాలో కూర్చుని, పాట ఆగిందా అని వింటూ ఉండేవాణ్ణి.

అమ్మాయిని గుడివాడ ఇచ్చాం. పన్నెండేళ్ళు మొక్కని దేవుడు లేడు. మోపిదేవి సుబ్రహ్మణ్య స్వామి గుడికే ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. ఆఖరికి పోయినేడు ఫోన్ చేసి "నాన్నా, నువ్వు తాతవి కాబోతున్నావ్" అంది. అబ్బ! ఆ మాటకి నేను అద్దకం బల్లెక్కి గంతులేశానంటే నమ్ముతారా? ఈ వయసులో! మా ఆవిడ కిందికి దిగమని చెయ్యి పట్టుకు లాగింది.

పురిటికి మా ఇంటికే వస్తానంది అమ్మాయి. వచ్చేలోపు స్నానాల గది మార్చేద్దామంది. ఫోన్లో బొమ్మలు చూపించింది. అన్నీ పాతకాలం దొరల బంగళా సరుకులాంటివే. పులిపంజా కాళ్ళున్న తెల్లటి పింగాణీ స్నానం తొట్టి, నెమలి మెడలా వంగిన ఇత్తడి కుళాయిలు, నలుపూ తెలుపూ గళ్ళ పలకలు, మరుగుదొడ్డికి గోడ మీద ఎత్తున ఇనుప నీళ్ళ తొట్టి, దాన్నుంచి వేళ్ళాడే గొలుసు.

"అమ్మా, ఈ గొలుసు తొట్టి మా చిన్నప్పుడు ఓ సత్రంలో ఉండేది. పదిసార్లు లాగితే ఒకసారి నీళ్ళొచ్చేవి. దాన్ని వదిలించుకోడానికి జనం ఎంత కష్టపడ్డారో!" అన్నాను.

"ఇది కొత్తదే నాన్నా. పాతదానిలా కనపడేట్టు చేస్తారు."

మా ఇంట్లో పాతదాన్ని కొత్తదానిలా కనపడేట్టు ఉంచడానికి నేను పడుతున్న పాట్లు నీకు తెలీదమ్మా అందామనుకున్నాను. అనలేదు. బిడ్డ సంతోషంలో ఉంది.

అల్లుడికి తెలిసిన గుడివాడ కంట్రాక్టరు పని ఒప్పుకున్నాడు. పలకలు వెయ్యడానికి ఆయన పంపిన మనిషే మా మేస్త్రి గారు. అవనిగడ్డ దాటాక ఎక్కడో ఆయన ఊరు. నా ఈడువాడే. సన్నటి మనిషి, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకున్నాడు. గుమ్మం ఎక్కుతూనే "మా ఆవిడ పుట్టిల్లు పెడనేనండీ. అంటే ఈ ఊరి మగాళ్ళంతా నాకు బావమరుదులే" అన్నారు. ఆ పూట నుంచీ నేను ఆయనకి బావగారిని, మా ఆవిడ చెల్లెమ్మ. వారానికోసారి ఇంటికెళ్ళేవారు. మిగతా రోజులు మా వసారాలోనే పడక.

ఆయన పద్ధతులు చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. పని గదిలోకి చెప్పులతో వెళ్ళేవారు కాదు. పని అయ్యాక ముందు తాపీకి నీళ్ళు పోసి కడిగి, తుడిచి, అప్పుడు తన చేతులు కడుక్కునేవారు. "అన్నం పెట్టేది అదండీ. ముందు దాని స్నానం" అనేవారు. గోడని తాపీ పిడితో కొట్టి, డాక్టరు గుండె విన్నట్టు చెవి ఆనించి వినేవారు. ఇసుక వస్తే చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవారు. కళ్ళు మూసుకుని, చప్పరించి, పక్కకి ఉమ్మి, అప్పుడు దింపమనేవారు. మా ఆవిడ చూసి "పచ్చడి రుచి చూసినట్టు చూస్తారేంటన్నయ్యా" అని నవ్వింది.

"పచ్చడిలో ఉప్పు తేడా వస్తే ఒక పూటేనమ్మా" అన్నారాయన.

నాకు నవ్వు రాలేదు.

మొదటి రోజే నిచ్చెనెక్కి శ్లాబు అడుగున గీకారు. నా సున్నం పొరలు పొరలుగా ఊడింది. దాని వెనక నుంచి చిన్న పెచ్చు తీసి నోట్లో వేసుకున్నారు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాను. చాలాసేపు ఆయన ఉమ్మలేదు.

"ఇసుక ఎక్కడిది బావగారూ?"

"కృష్ణ ఇసుకేనండీ. తోట్లవల్లూరు రేవుది."

ఆయన నన్ను చూశారు. కోపంగా ఏం కాదు. జ్వరం ఉన్నవాణ్ణి చూసినట్టు చూశారు. దిగి, బయటికెళ్ళి ఉమ్మి వచ్చి, టీ అడిగారు. మర్నాడు పొద్దున్నే సరుగుడు కర్రలు తెప్పించి శ్లాబు పడకుండా కింద పోటు పెట్టారు. తలుపుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నారు.

రెండు రోజులకి కంట్రాక్టరు వచ్చి కిటికీలోంచి ఆ కర్రలు చూసి మండిపడ్డాడు.

"ఏంటి మేస్త్రీ ఇది, బాత్‌రూమా, పందిరా? నిన్ను పలకలు వెయ్యమన్నాను. పైకి చూడమన్నానా?"

"పలకలు కిందే వేస్తానండీ. ఆ శ్లాబు కూడా కిందికే వస్తుంది. రెంటికీ చోటెక్కడుందో మీరే చెప్పండి."

"ముప్ఫై ఏళ్ళు నిలబడింది, ఇంకో ముప్ఫై నిలబడుతుంది. కింద ఫాల్స్ సీలింగ్ వేస్తాం. తెల్లటి బోర్డు, మధ్యలో దీపం. ఒక్క మచ్చ కనిపించదు. పెద్దాయనా, మీరేమంటారు?"

పెద్దాయన అంటే నేను. దాచాలంటే ఏటా నిచ్చెన ఎక్కక్కర్లేదన్న మాట! నాకు ప్రాణం లేచొచ్చింది. "అలాగే చేద్దాం బాబూ" అన్నాను. అని, మేస్త్రి గారి వైపు చూడకుండా లోపలికొచ్చేశాను.

ఆ సాయంత్రం వసారాలో ఆయన నా పక్కన కూర్చున్నారు. నేనడక్కుండానే మొదలుపెట్టారు.

"దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు నాకు పద్దెనిమిదేళ్ళు బావగారూ. మా పేటలో శ్లాబు ఇల్లు ఒక్కటే ఉండేది, మెరక మీద. గాలి మొదలవగానే మా అమ్మ, చెల్లి, పాకల్లో ఉన్నవాళ్ళంతా అందులో దూరారు. నేను గేదెల్ని విప్పడానికి ఆగి, వెళ్ళలేక, తాడిచెట్టుకి కట్టేసుకున్నాను. తెల్లారి వెళ్ళి చూస్తే నీళ్ళు ఆ ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయాయి. గడప దాటలేదు. వాళ్ళని నీళ్ళు చంపలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పడిన శ్లాబు పెళ్ళలు తీస్తుంటే దుమ్ము నోట్లో పడింది. ఉప్పగా ఉంది. ఉప్పెన ఉప్పేమో అనుకున్నాను. గడ్డని మధ్యకి విరిచి, లోపల నాకి చూశాను. లోపలా ఉప్పే. ఎవరో తొందరపడి కట్టారు. ఉప్పు తొందరపడదండీ. దానికి చాలా ఓపిక." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని "అప్పుడు తాపీ పట్టాను" అన్నారు.

ఆయన లేచి వెళ్ళి పడుకున్నారు. నేను మాత్రం ఆ గది తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. లోపల ఏదో చిటుక్కుమన్నట్టు అనిపించేది. విని, ఏం లేదనుకునేవాణ్ణి. మళ్ళీ చిటుక్కుమనేది.

మేస్త్రి గారు కర్రలు తియ్యలేదు, బోర్డు వెయ్యనివ్వలేదు. ఏడో నెలలో సీమంతం అయ్యాక అమ్మాయి పని చూడ్డానికి వచ్చింది, కంట్రాక్టరుని వెంటబెట్టుకుని. ఎంత కళగా ఉందో నా తల్లి! చేతినిండా గాజులు. నేను పొంగిపోయి కాఫీ, పళ్ళు, మజ్జిగ అన్నీ ఒకేసారి తెచ్చాను. అదే సమయానికి మేస్త్రి గారు ఏదో కొలతకి తలుపు తీసి ఉంచారు. తొట్టి ఎక్కడ పెడతారో చూస్తానంటూ అమ్మాయి కర్రల మధ్య నుంచి దూరి గది నడిమధ్యకి వెళ్ళి నిలబడింది. కడుపు మీద చెయ్యి వేసుకుని పైకి చూసింది.

"బయటికి రా!"

మేస్త్రి గారు అంత గట్టిగా అరవగలరని నాకు తెలీదు. వీధిలో కుక్కలు మొరిగాయి. అమ్మాయి అదిరిపడి బయటికొచ్చి ఏడుపు మొహం పెట్టింది. "నా ఇంట్లో నా మీద అరుస్తారేంటి? నాన్నా, ఈయన్ని మార్చెయ్" అంది.

"రేపటికి వేరేవాళ్ళని పెడతానమ్మా. ఈయనకి చాదస్తం" అన్నాడు కంట్రాక్టరు. "మేస్త్రీ, తాళంచెవి ఇచ్చెయ్."

"ఇవ్వనండీ. పని మీది, నన్ను తీసేయండి. తాళంచెవి మాత్రం ఈ పిల్ల పురిటి స్నానం అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది" అన్నారు మేస్త్రి గారు. అని, పనిముట్ల సంచీ భుజానికి వేసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. నన్నే చూశారు.

నిజం ఆయనకి మొదటి రోజే తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. ఒక్క మాట అంటే ఆయనకి పని దక్కేది. నా కూతురి ముందు, నా ఇంటి గుమ్మంలో ఆ మాట ఆయన అనలేదు. నాకోసం వదిలిపెట్టారు.

"అది కృష్ణ ఇసుక కాదమ్మా" అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. సముద్రపు ఇసుకనీ, కాలవలో జాడించాననీ, ఆ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తెలిసే జాడించాననీ అంతా చెప్పేశాను. మా ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అమ్మాయి ఆ కర్రల వంక చూసింది.

"నేను పెళ్ళయ్యేదాకా దాని కిందే స్నానం చేశానా?"

"అవునమ్మా."

"ఏటా సున్నం కొట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

అది లోపలికెళ్ళి తలుపేసుకుంది. కంట్రాక్టరు ఫోను తీసి ఏదో చూసుకుంటున్నట్టు నటించాడు. మేస్త్రి గారు మాత్రం సంచీ కింద పెట్టి "చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళివ్వు" అన్నారు.

మర్నాడు ట్యాంకు ఖాళీ చేసి దింపించారు. తలుపు, కిటికీ ఊడదీసి అందర్నీ వీధిలో నిలబెట్టారు. పక్కింటి మేడ మీద నుంచి పొడుగాటి గునపం పట్టుకుని, వంగి, శ్లాబు అంచు మీద పొడిచారు. ఒకటి. రెండు. మూడో పోటు పడలేదండీ. లోపల సరుగుడు కర్రలు కీచుమన్నాయి. తర్వాత ఒక్క చప్పుడు. మా అమ్మాయి సరిగ్గా ఎక్కడ నిలబడిందో అక్కడ ఇంత ఎత్తున పెళ్ళలు. దుమ్ము లేచి వీధంతా కమ్మేసింది. నా పెదాల మీద పడింది. నాలుకతో తడుముకున్నాను. తడుముకోకుండా ఉండాల్సింది.

ఆయన దిగొచ్చి ఓ చువ్వ ముక్క ఏరి నా చేతిలో పెట్టారు. అప్పడంలా విరిగింది. నేను ఏడ్చేశాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి "చెప్పారుగా బావగారూ. పడకముందే చెప్పారుగా" అన్నారు. ఈ ఒక్క మాట కోసం ఆ మనిషికి నేను గుడి కట్టినా తక్కువే.

అమ్మాయి వచ్చి ఆ పెళ్ళల ముందు నిలబడింది. చువ్వ తునక నా చేతిలోంచి తీసుకుని చూసి, పక్కన పెట్టి, మేస్త్రి గారి కాళ్ళకి వంగబోయింది. "వంగకమ్మా, కడుపుతో ఉన్నావ్" అని ఆయన నాలుగడుగులు వెనక్కి దూకారు. నాతో మాట్లాడ్డానికి దానికి ఇంకో వారం పట్టింది. మొదటి మాట, "ఈసారి ఇసుక నువ్వు కొనకు" అని. ఆ తిట్టు కూడా నాకు తేనెలా ఉంది.

గుడివాడ కంట్రాక్టరు చెడ్డవాడేం కాదు లెండి. ఆ గుట్ట చూశాక నోరెత్తలేదు. దగ్గరుండి కొత్త శ్లాబు వేయించాడు. వచ్చిన ప్రతి ఇసుక బండీ మేస్త్రి గారి నాలుక దాటాకే దిగింది. ఒక బండి తిప్పి పంపేశారు కూడా. పలకలు గళ్ళు తప్పకుండా వేశారు. పులిపంజా తొట్టి దింపేటప్పుడు "ఇది బావగారి కంటే బరువుంది" అని జోకులేశారు. తొట్టి గొలుసు మొదటిసారి లాగింది మా ఆవిడ. నీళ్ళు దడదడమని దూకేసరికి జడుసుకుని అరిచింది, ఆ తర్వాత అందరం ఒకటే నవ్వు. ఇప్పటికీ ఆ చప్పుడుకి ఒక క్షణం నా గుండె ఆగుతుంది. నేనెవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

పని అయ్యాక అమ్మాయి ఆయనకి బట్టలు పెట్టింది. "బారసాలకి వస్తాను తల్లీ" అని బస్సెక్కారు. బిడ్డ పుట్టిన రోజు ఫోన్ చేస్తే "ఏదీ, ఏడుపు వినిపించండి" అన్నారు. ఫోను బిడ్డ దగ్గర పెట్టాను. అంతా శ్రద్ధగా విని "గట్టి గొంతు బావగారూ. ఎక్కడా డొల్ల లేదు" అన్నారు. ఆయన గొంతు నేను వినడం అదే ఆఖరు.

బారసాలకి రెండు రోజులుంది. శుభకార్యం పెట్టుకుని చావింటికి వెళ్ళకూడదని వీధిలో పెద్దలన్నారు. మా ఆవిడ కూడా సందేహించింది. అమ్మాయి బిడ్డకి పాలిస్తూ, తలెత్తకుండానే "వెళ్ళు నాన్నా" అంది. లడ్డూల పెట్టె పక్కింట్లో ఇచ్చేసి బస్సెక్కాను. మోపిదేవి దాటాక ఆకాశం నల్లబడింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అరుగు మీద దీపం పెట్టి ఉంది.

మేస్త్రి గారి భార్య నన్ను చూసి చాలాసేపు ఏడ్చింది. తర్వాత బిడ్డ గురించి అడిగింది. బాగుందని చెప్పాను. చెబుతుంటే ఆ ఇంట్లో, ఆ దీపం ముందు, నా మొహం మీదికి నవ్వొచ్చేసింది. ఆవిడ ఆ నవ్వు చూసి తానూ నవ్వింది. "మీ బావగారు కూడా ఇలాగే చెప్పుకున్నారు. ఊరంతా చెప్పుకున్నారు" అంది.

వెళ్ళొస్తానని లేచాను. చావింటి నుంచి కదిలేముందు కాళ్ళు కడుక్కోవాలి కదా, పెరట్లోకి దారి చూపించింది. పెరటి మూల నాలుగు తాటాకు తడికలు కట్టి ఉన్నాయి. మధ్యలో ఒక బండరాయి, సిమెంటు గోలెం, ముంత. లోపలికెళ్ళి ముంత అందుకున్నాను.

"ఏమనుకోకండి అన్నయ్య గారూ" అంది ఆవిడ తడిక అవతల నుంచి. "మా స్నానాల చోటు అదే. పైన ఓ రేకన్నా వెయ్యమని నలభై ఏళ్ళు పోరాను. రేపేస్తాలే, రేపేస్తాలే అనేవారు."

కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటుంటే మెడ మీద చల్లగా ఓ చుక్క పడింది. తలెత్తి చూశాను. నాలుగు తడికల మధ్య నుంచి నల్లటి ఆకాశం, సముద్రం వైపు నుంచి కదిలి వస్తూ, ఇంకా పైపైకి వస్తూ ఉంది.